ఇత్తడి పిడి

ట్రాముకు చక్రాలు కిందనే,
డ్రైవరు చేతిలో ఉండేది చక్రం కాదు
అనేవాడంట మా జేజినాయన.
"తిప్పేదానికి ఏముందిరా?
పట్టా యాడికి పోతే ఆడికే."
చేతిలో ఒక ఇత్తడి పిడి,
కాలికింద గంట,
వానొస్తే పట్టాల మీదికి జార్చే పిడికెడు ఇసుక.
అంతే ఉద్యోగం.

పదకొండేండ్లు మద్రాసులో
మింటు నుంచి మైలాపూరుకు, మైలాపూరు నుంచి మింటుకు.
చివరి స్టాపులో బండి తిరగదు.
కండక్టరు తాడు పట్టుకొని
నెత్తిమీది కడ్డీని అటు మళ్లించి తీగకు తగిలిస్తాడు,
సీట్ల వీపులు టపటపా అవతలికి వాలుస్తాడు.
జేజినాయన పిడి ఊడబెరుక్కొని
బండి పొడుగునా నడిచి
ఆ కొసన పెడతాడు.
అంతవరకు వెనక అన్నది
ముందైపోతుంది.

యాభైమూడు ఎండాకాలంలో
రాత్రికి రాత్రే కంపెనీ మూతబడింది.
గేటు ముందర గుంపులో బోయ మద్దిలేటి ఒకడు,
సంచిలో సద్దిగిన్నె,
గిన్నె పక్కన పిడి.
అప్పజెబుదామంటే తీసుకునేవాడు లేడు.

ఆ ఏడే కర్నూలు రాజధాని.
గుడారాల కింద ఫైళ్లు, ఫైళ్ల కింద తేళ్లు.
గాలి లేచిన రాత్రులు తాళ్లు బిగించే కూలికి కుదిరినాడు.
పగలు ఆ నీడలోనే
సుద్దముక్కతో నేలమీద గీతలు.
స్టేషన్ కాడ మొదలు,
పెద్ద మార్కెట్టు దగ్గర రోంత ఒంపు,
కొండారెడ్డి బురుజును తాకీ తాకకుండా
హంద్రీ దాటి, ఇదో, ఈ గుడారాల ముందరికి.
"ఐదు మైళ్లు. ఎనిమిది బండ్లు చాలు.
ఇసుకకు కరువా మనకు?
హంద్రీ అంతా అదే గదా!"

దాసు కామేశం అని, తెనాలి దిక్కు గుమస్తా,
ముత్యాల్లాంటి రాత,
రెండు వక్కలు నోట్లో వేసుకొని అర్జీ రాసిచ్చినాడు.
మూడు నెలలకు జవాబు: పరిశీలనలో ఉన్నది.
చదువు రాని మనిషి ఆ కాగితాన్ని
తలపాగా మడతలో పెట్టుకొని తిరిగినాడు.
చెమటకు అక్షరాలు నుదుటికి అంటినాయని
జేజి నవ్వేది.

మూడేండ్లకు గుడారాలు పీకినారు.
తాళ్లు విప్పిందీ ఆయనే.
ఫైళ్లు లారీలెక్కినాయి, అర్జీ కూడా.
మా ఇంట్లో అందరికంటే ముందు
హైదరాబాదు చూసింది అదే.

పిడితో జేజి అల్లం దంచుకునేది.
రెండువేల తొమ్మిదిలో
వరద మిద్దె అంచు దాకా వచ్చి పోయినాక
బురద తవ్వితే
కొర్రల కాగు లేదు, పెండ్లి ఫోటో లేదు,
ఇది ఉండింది.
చింతపండుతో తోమితే
ఏమీ జరగనట్టు మెరిసింది.

నాది షేరాటో.
సీ క్యాంపు, రాజ్‌విహార్, పాత బస్టాండు, స్టేషన్.
పట్టా లేదు గదా,
ఒక్క మనిషి కోసం ఆరు ఆటోలం అడ్డం పడతాము,
తిట్టుకుంటాము, మళ్లా ఒకే బీడీ పంచుకుంటాము.
నేను తిరిగేది ఆ సుద్దగీత మీదనే అని
మొన్న ఆస్పత్రి మంచం మీద మా నాయన
దుప్పటి పైన వేలితో గీస్తే తెలిసింది.

రాత్రి ఆఖరి ట్రిప్పు.
స్టేషన్ ముందర బండి ఆపి
సీటు కింద పిడి తీసుకొని దిగుతాను.
ఆటో ముందు నుంచి వెనక్కి
మూడడుగులే.
నడుస్తాను.
వెనక సీట్లో కునుకుతున్న ముసలాయన
కండ్లు తెరిచి, నా చేతిని చూసి,
"ఏందిది? కొడతావా?" అంటాడు.
"లేదు పెద్దాయనా,
స్టేషన్ వచ్చె, దిగు."