బొత్తాం సరిపోదు

మస్కట్‌లో ఈ గదికి కిటికీ లేదు.
బయట నలభై ఆరు డిగ్రీలు.
లోపల నేను స్వెట్టర్ తొడుక్కుని
మనుషుల దగ్గర ఇనుము వెతుకుతుంటాను.
తండ్రి జేబులో రెండు మేకులు,
పిల్ల జడలో పిన్నీసు.
అయస్కాంతానికి మొగమాటం ఉండదు,
అన్నీ తీసి పళ్ళెంలో పెట్టాలి.

పిల్ల పేరు రయ్యా. ఆరేళ్ళు.
సూర్ నుంచి దారి పొడుగునా నిద్రపోతూ వచ్చింది.
తండ్రి ఖమీస్, పడవలు చేసే వడ్రంగి.
ఎకోలో చిల్లు కనిపించింది:
తొడ నరంలోంచి చిన్న బొత్తాం పంపి
మూసేస్తే చాలేమో, కోత అక్కర్లేదేమో.
కానీ కుడివైపు గుండె
ఆ చిల్లుకు మించి ఉబ్బి ఉంది, ఎందుకో.
ఆ ‘ఎందుకో’ కోసం నా దగ్గరికి పంపారు.

ఊపిరి బిగబట్టు తల్లీ.
ఐదేళ్ళుగా అరబ్బీలోనే చెబుతున్నాను,
చివరి ‘తల్లీ’ మాత్రం తెలుగులో జారిపోతుంది.
పన్నెండు సెకన్లు కావాలి.
ఎనిమిదికే వదిలేసింది.
మళ్ళీ. ఏడు.
మూడోసారి నవ్వింది, బొమ్మంతా చెదిరింది.
అప్పుడు ఖమీస్ ఆమె పాదాలు పట్టుకుని
కాలివేళ్ళు ఒక్కొక్కటే నొక్కాడు,
ఈ కాలివి ఐదు, ఆ కాలివి ఐదు,
మిగతా రెండూ తన బొటనవేళ్ళు.
పన్నెండో వేలికి
తెర మీద గుండె కుదురుగా నిలబడింది.

చూశాను.
కుడి ఊపిరితిత్తి నుంచి వస్తున్న సిర ఒకటి
ఎడమ గదికి చేరాల్సింది,
దారి తప్పి పక్కింటి తలుపు తట్టింది.
ఉతికి ఆరేసిన బట్టల్ని
మళ్ళీ మాసినవాటి మూటలోనే కుక్కుతున్నట్టు
ఎర్రటి రక్తం, చుట్టూ తిరిగి, మళ్ళీ అక్కడికే.
బొత్తానికి పట్టు దొరికే అంచు కూడా లేదక్కడ.

రాయచోటిలో మా వెనకింటి కుళ్ళాయమ్మ
తొక్కుడుబిళ్ళలో మూడో గడికే చతికిలబడేది.
ఎదిగితే అదే పోతుందన్నారు.
ఎదగలేదు.
ఏ సిర ఏ తలుపు తట్టిందో
అప్పుడెవరూ చూడలేదు.

గురువారం
డాక్టర్ జువైనా రబ్బరులాంటి గుండెను ఖమీస్ చేతిలో పెట్టింది,
నా బొమ్మల్లోంచి అచ్చు తీసింది, రయ్యాదే, అదే కొలత.
అతను దాన్ని పడవ అడుగులా తిప్పి చూశాడు.
చిల్లులో చిటికెనవేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు.
మా నాయన కాగితం మీద గీత గియ్యకుండా ఓడ కట్టేవాడు, అన్నాడు.
నీళ్ళలోకి దింపాకే తెలిసేది ఎక్కడ కారుతోందో.
తర్వాత అడిగాడు:
మీరు బాగుచేస్తున్నంతసేపూ
ఇందులోని నీళ్ళు ఎటు పోతాయి?
ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.
చాయ్ చల్లారిపోయేదాకా చెప్పింది.

నాలుగు నెలలకు రయ్యా మళ్ళీ వచ్చింది,
మెడ కింద సన్నటి గీతతో,
పిన్నీసు తనే తీసి పళ్ళెంలో పడేస్తూ.
కాలివేళ్ళు ముట్టుకోనివ్వలేదు.
పన్నెండు అయింది, నేను చెప్పాను.
పదమూడు. పద్నాలుగు.
పొట్ట కదలడం లేదు, కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి.
వదులు తల్లీ,
బొమ్మ వచ్చేసింది,
ఇంక వదులు.