రెండో షిఫ్టు

నేను వెలుగు అమ్ముతాను.
ఓస్త్రవాలో, ట్రామ్ డిపో ఎదురుగా,
చేపల మేతకీ కుక్కల గొలుసులకీ మధ్య
పదకొండు దీపాలు వేలాడే మూల నాది.

వచ్చేవాళ్లంతా ఒకటే అడుగుతారు:
అన్నిటికన్నా ఎక్కువ వెలిగేది ఏది?
చెబుతాను. వినరు.
చూసి రమ్మంటే కాల్చి వచ్చే రకం అది,
నీళ్లలో సత్తువ చాలనప్పుడు
అంత వెలుగు తినేది మొక్క కాదు, నాచు అని.
నాలుగు వారాలకు మళ్లీ వస్తారు,
ఫోన్లో ఫోటో: అద్దం నిండా ఆకుపచ్చ నూగు,
రాళ్లకు గడ్డాలు.
అప్పుడు నాచు మందు అమ్ముతాను.
నా జీతం అందులోంచే వస్తుంది, అబద్ధమెందుకు.

కుబీచెక్ గారు మాత్రం
పాత పేపర్లో చుట్టుకుని
కాలిపోయిన ట్యూబ్‌లైటు తెచ్చారు.
రెండు కొసలా మసి.
"దీనికి తోబుట్టువులెవరైనా ఉన్నారా?"
లేరండి. ఆ వంశం ఆగిపోయింది,
ఫ్యాక్టరీలే మూసేశారు.
"మా గని లాగా" అన్నారు,
ట్యూబును బల్ల మీద మెల్లగా పడుకోబెట్టి.

నేను మొదలుపెట్టాను:
కెల్విన్లు, ల్యూమెన్లు, లీటరుకు ఇన్ని,
ఎరుపు ఎందుకు, నీలం ఎందుకు,
తొట్టి లోతు నలభై ఐదు సెంటీమీటర్లయితే
అడుగుకు చేరేది ఎంత.
లోతు అనగానే ఆయన నవ్వారు.
నిజానికి మీసం ఒక్కటే నవ్వింది.

తర్వాత చొక్కా చెయ్యి పైకి మడిచి
ఒక్కో దీపం కిందా పెట్టి చూసుకున్నారు,
గడియారం కొనేవాడిలా.
మణికట్టు నుంచి మోచేతి దాకా
చర్మం కింద నీలపు గీతలు.
గాయంలో బొగ్గు పొడి మిగిలిపోతే
మానిన చర్మం దాని మీదే మూసుకుంటుందట.
అడగని పచ్చబొట్టు.

మూడు వేల కెల్విన్ల దీపం కింద
గీతలన్నీ మాయం, చెయ్యి తేనెరంగు.
"ఇది మొహమాటానికి మాట్లాడుతోంది."
పదివేల దాని కింద
ఒక్కో గీతా కత్తిలా లేచింది.
"ఇది ఆసుపత్రి."
ఆరువేల అయిదువందల దగ్గర ఆగారు.
చెయ్యి చెయ్యిలా ఉంది. గీత గీతలా ఉంది.
అక్కడా పిడి తిప్పి, తిప్పి
సగానికి తగ్గించారు.

ఇంత తక్కువైతే ఎదుగుదల నెమ్మది, అన్నాను.
అనూబియస్ నెలకో ఆకు వేస్తుందేమో.
"నెలకో ఆకు" అన్నారు,
పింఛను లెక్క చూసుకున్నట్టు.
"సరిపోతుంది."

ఒక్కదానికే పట్టుబట్టారు.
వెలుగు ఒక్కసారిగా రాకూడదు.
పంజరంలో ఎనిమిది వందల మీటర్లు పైకొచ్చి
తలుపు తీయగానే జూన్ నెల ఎండ మొహాన కొడితే
ఎలా ఉంటుందో నాకేం తెలుసు?
చేపలకూ కళ్లున్నాయి. రెప్పలే లేవు.
అరగంట సేపు మెల్లగా తెల్లారే టైమరు ఇచ్చాను.
దాని ధర దీపం ధరలో సగం.
బేరమాడలేదు.

నెల దాటింది. నాచు మందుకు రాలేదు.
ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను,
ఆ దగ్గు విన్నాను కదా.
నవంబరులో వచ్చారు, నత్తలున్నాయా అని.
ఎన్ని గంటలు వెలిగిస్తున్నారు?
"మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది.
రెండో షిఫ్టులో వేశాను."
పొద్దున్నంతా చీకట్లోనేనా?
"పొద్దున్నంటే ఎప్పుడో
మొక్కకు ఎవరు చెప్పారు?
నేను కుర్చీలో కూర్చునేది అప్పుడే.
పదింటికి అందరం కలిసి డ్యూటీ దిగుతాం."

ఇవాళ కొట్టు లెక్క తేలక ఆలస్యమైంది.
ట్రామ్ పొరుబా మలుపు తిరుగుతుంటే
నాలుగో అంతస్తులో ఒక కిటికీ ఆకుపచ్చగా ఉంది.
ఆయనదో కాదో. చిరునామా ఎప్పుడూ అడగలేదు.
తొమ్మిదీ నలభై.
పచ్చదనం అప్పటికే తగ్గుతోంది,
తగ్గుతోందని తెలియనంత మెల్లగా.
పూర్తిగా ఆరేదాకా చూద్దామనుకున్నాను.
ట్రామ్ ఆగలేదు.