గాలిని కొలిచే తీగ

పసుపు లైటు వెలిగి పద్దెనిమిది రోజులట.
టిక్రి ఘాటీ ఎక్కేటప్పుడు
బ్యాటరీ వదిలి పెట్రోలు అందుకునే చోట
బండి ఉలిక్కిపడుతోందట,
నిద్రలో మెట్టు తప్పినట్టు.

కణ హెలా, అనడిగేను.
డాక్టరు ఇతిశ్రీ ఒడియాలో మొదలెట్టి
మూడో మాటకి తెలుగులోకి వచ్చీసింది.
రాయగడలో అందరం అంతే.
ఎక్కడ మారేమో మాకే తెలీదు.
ఈ బండీ అలగే ఉండాలి.
మారినట్టు తెలిసిందంటే
ఎక్కడో జబ్బు.

స్కానరు తగిలించేను.
గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ, అంది.
ఆ కబురు మోసుకొచ్చింది
పొగగొట్టంలో కూచునే సెన్సారు.
వైజాగ్ షోరూమువాళ్ళు దాన్నే పీకి కొత్తది పెట్టేరు.
పంతొమ్మిది వేల బిల్లు
డాష్‌బోర్డు అరలో ఇంకా మడతపెట్టి ఉంది.
కొత్తదీ అదే కబురు చెప్పింది.

నాకూ వెంటనే తట్టలేదు.
క్రాంకు సెన్సారు మీద అనుమానం.
దాని దగ్గరికి పోవాలంటే
నారింజరంగు కేబుళ్ళ పక్కనించి పోవాలి.
దంబరు మినియాక చెయ్యి జాపేడు.
ఆగరా, అన్నాను.
చప్పుడు లేదు కదా మేస్త్రీ, ఆగిపోనాది, అన్నాడు.
చప్పుడు లేకపోతే ఆగినట్టు కాదు
ఈ జాతి బండికి.
ప్లగ్గు లాగి నా జేబులో వేసుకున్నాను,
ఇంకెవడూ తిరిగి పెట్టకుండా.
పది నిమిషాలు.
లోపల దాచుకున్న కరెంటు కారిపోవాలి.
వాడు కుయిలో ఏదో లెక్కపెట్టుకుంటూ కూచున్నాడు.
తెచ్చిన టీ చల్లారిపోయింది.

సాయంత్రం దాకా బండి కిందే.
క్రాంకు సెన్సారు నిక్షేపంగా ఉంది.
నా చొక్కాయే పాడయ్యింది.

మర్నాడు ఎయిర్ ఫిల్టరు పెట్టె విప్పేను.
తెరుబలి ఫ్యాక్టరీ బూడిద,
కాశీపురం రోడ్డు ఎర్రదుమ్ము,
ఎవడో ప్రేమకొద్దీ ఫిల్టరుకి పట్టించిన నూనె.
మూడూ కలిసి జిడ్డై
గాలిని కొలిచే తీగ మీద పేరుకున్నాయి.
వెంట్రుక కన్నా సన్నం ఆ తీగ.
ఎప్పుడూ వేడిగా ఉంటుంది.
పోయే గాలి దాన్నెంత చల్లబరిస్తే
అంత గాలి అని లెక్క.
దుప్పటి కప్పుకున్నవాడికి
ఈదరగాలి ఏటి తెలుస్తుంది?
కొంచెమే వీస్తోంది, అంది తీగ.
ఇంజను నమ్మి కొంచెమే తాగింది.
తాగింది చాలట్లేదని
పొగగొట్టం దగ్గరివాడు
మొదటినించీ మొత్తుకుంటూనే ఉన్నాడు.
వాణ్ణే మార్చీసేరు.

జ్వరం ఉందని చెప్పిన థర్మామీటరుని పారేసినట్టు,
అని ఇతిశ్రీ నవ్వింది.
అంతలోనే నవ్వాపి,
మేమూ చేస్తాం ఒక్కోసారి, అంది.
నేనడగలేదు.

ఆ తీగని గుడ్డతో తుడవకూడదు.
వేలు తగలకూడదు.
నోటితో ఊదనైనా కూడదు.
దూరంనించి మందు చిమ్మి
దానంతట అది ఆరేదాకా చూస్తూ నిలబడాలి.
దంబరు చేతులు వెనక్కి కట్టుకున్నాడు.
ఊపిరి కూడా బిగబట్టేడు.
నట్లు బిగించడం ఎవడికైనా నేర్పొచ్చు.
ముట్టుకోకపోవడం
వాడికి ముందే వచ్చు.

చీకటి పడ్డాక ఘాటీకి తీసుకెళ్ళేం.
ఆవిడ స్టీరింగు దగ్గర,
నేను పక్కన, స్కానరు ఒళ్ళో.
ఇరవైమూడు ఉండే అంకె
ఏడుకి దిగి, నాలుగుకి దిగి, అక్కడ ఊగుతోంది.
ఒక మలుపు, ఇంకో మలుపు.
ఎదురుగా కర్రల లారీ, దాని గుడ్డి లైటు.
వెనక సీట్లోంచి దంబరు,
ఇప్పుడు పెట్రోలా, బ్యాటరీయా, అనడిగేడు.
ముగ్గురం చెవులు రిక్కించేం.
ఎవరికీ తెలీలేదు.

బిల్లు దగ్గర చిక్కొచ్చింది.
కొత్త సామాను లేదు.
తుడిచినందుకు అని రాద్దామంటే
తుడవనే లేదు.
కలం పట్టుకుని కాసేపు చూసి
గాలి, అని రాసి
ఆరొందల యాభై వేసేను.