టపా దారి

ఉద్యోగం దిగి తొమ్మిదేళ్లు.
హెల్వె ఇంకా అదే దారిన నడుస్తుంది.
రబ్బరు బూట్లు, ఊలు టోపీ,
భుజాన ఏ సంచీ లేకపోయినా
ఎడమకే కాస్త ఒరిగిన నడక.

ఎస్తోనియా దక్షిణపు కొస. మార్చి మూడోవారం.
పొలాలు ఇంకా మంచుకిందే ఉన్నాయి గాని
ఆ మంచులో మునుపటి పొగరు లేదు.
అడుగు వేస్తే కిర్రుమనడం మానేసి
చప్పరించినట్టు చప్పుడు చేస్తోంది.
ప్రతి బర్చ్ మొదలు చుట్టూ
పళ్లెమంత మేర నేల తేలింది.
చెట్టుకీ ఒంటివేడి ఉంటుందని
ఎవరితోనూ అనదు తను, నవ్వుతారని.

ఈ ఊళ్లో వసంతం మీద ఒక పందెం ఉంది.
ఓడినవాళ్లు జాడీడు ఊరబెట్టిన దోసకాయలు ఇచ్చుకోవాలి.
రంపపు మిల్లు ఉర్మాస్ పిట్టల పక్షం.
తల మీద కుచ్చున్న తీతువు పొలంలో దిగి అరిచేదాకా
కాలెండరును కూడా నమ్మడు.
నిరుడు, అటేడు, ఆ ముందటేడు, గెలుపు అతనిదే.
ఆకాశం వైపు చూసేవాడికి
వార్తలు ముందే అందుతాయి మరి.

ఆమె చూపు ఎప్పుడూ చేతి ఎత్తులోనే.
ముప్పయ్యారేళ్లు పేర్లు చదివిన కళ్లు.
ఎనిమిదో నంబరు ఇంటి దగ్గర
- ఇప్పుడక్కడ ఇల్లు లేదు, గుంజకి ఉత్తరాల డబ్బా మాత్రం వేలాడుతోంది -
హేజెల్ పొద పసుపు తోకలు విదిల్చి ఉంది.
అది లెక్కలోకి రాదు. తోకలు అందరికీ కనిపిస్తాయి.
కళ్లద్దాలు పైకి నెట్టి, కొమ్మ దగ్గరికి లాక్కుని
ఒక్కో మొగ్గనీ తిప్పి చూస్తుంది,
చిరునామా తడిసిపోయిన కవరును చూసినట్టు.

అదిగో.
శనగగింజంత మొగ్గ కొసన
ఎర్రటి పోగులు, నాలుగో ఐదో,
సూదిలోకి ఎక్కించబోతూ తడిచేసిన దారంలా.
ఇది ఆడపువ్వు. తేనె లేదు, వాసన లేదు,
తేనెటీగకు దీనితో పనే లేదు.
గాలి వచ్చి ఇచ్చిపోవాలి, అంతే.
ఇచ్చిందో లేదో
సెప్టెంబరులో కాయ చెబుతుంది.

జేబులోంచి ఫోన్ తీసింది.
ఉర్మాస్ పేరు దాకా వేలు వెళ్లింది.
సరిగ్గా అప్పుడే గాలి.
తోకలు ఊగాయి. పసుపు పొడి
ఆమె నల్లని చేతితొడుగు మీద పడింది.

ఫోన్ చేయలేదు.
నేలమాళిగలో దోసకాయల జాడీ ఎలాగూ ఒకటుంది.
ఒకరి పేరున వచ్చినది వాళ్ల గుమ్మంలో వేశాక
అక్కడ నిలబడి చూడకూడదని
ఉద్యోగం మొదటిరోజే నేర్పారు.

కొమ్మను మెల్లగా వదిలి
తొమ్మిదో నంబరు వైపు నడిచింది.