మార్జిన్

ఇరవై రెండేళ్ళు సింగ్‌నగర్ సందుల్లో
డైలీ ఫైనాన్స్ వసూలు చేశాను.
మంచివాణ్ణని చెప్పుకోను.
ఒకసారి, అన్నం సగం ఉడికి ఉండగా
గ్యాస్ బండ విప్పి భుజాన వేసుకొచ్చాను.
ఆ ఎసరు ఆగిపోయిన చప్పుడు
చెవిలో ఇంకా ఉంది.

కానీ నా పుస్తకానికి మార్జిన్ ఉండేది,
చెవి మీద పెన్సిలుండేది.
తేదీ పక్కన 'ఆ' అంటే ఆస్పత్రి.
'చా' అంటే చావు, పదకొండు రోజులు ఆ గుమ్మం తొక్కను.
'అ' అంటే అబద్ధం,
తెలిసీ ఒప్పుకున్నది.
వడ్డీ మాఫీ అని కాదు,
కాస్త పక్కకి జరిగి కూర్చునేది.

ఇప్పుడు స్మార్ట్ కాంట్రాక్టట.
అప్పు తనను తానే వసూలు చేసుకుంటుంది.
వీధిలో నిలబడి అరవదు,
ఆలినీ తల్లినీ తిట్టదు. అది నిజం, ఒప్పుకోవాలి.
నన్ను బెంజి సర్కిల్ దగ్గర అద్దాల గదిలో కూర్చోబెట్టి
హెడ్‌ఫోన్ తగిలించారు.
"మార్చడం కుదరదండీ"
అనడం నా ఉద్యోగం.

పాయకాపురం నుంచి మరియంబీ.
పాలూ పెరుగు ప్యాకెట్లూ పెట్టుకునే ఫ్రీజరు, ఇరవై నాలుగు వాయిదాలు.
"బుడమేరు ఎత్తుకుపోయింది బాబూ.
నీళ్ళు తీశాక చూస్తే
రైలు కట్ట దగ్గర బోర్లా పడుంది, మూత లేదు.
మీ లెక్కలో అదింకా నా కొట్లోనే ఉందా?"

ఉంది.
చివరి కబురు: మైనస్ పద్దెనిమిది, మూత వేసి ఉంది.
ఆమె ఖాతాలో వరద సాయం పడ్డ రాత్రే
రెండు వాయిదాలు కోసుకుంది.
మూడోదానికి డబ్బు చాలక
లేని ఫ్రీజరుకి
తాళం వేసింది.

నీటి మీద రాతలని తేలిగ్గా అనేస్తాం.
ఆమె గోడ మీద నీళ్ళే రాసిపోయాయి,
రొమ్ము ఎత్తున ఒక మట్టి గీత.
రెండుసార్లు సున్నం కొట్టినా బయటికొస్తోందట.
చెరపలేని రాతని మావాళ్ళు గొప్పగా చెప్పుకునే కాంట్రాక్టుకి
ఆ గీత చదవడం ఎవరూ నేర్పలేదు.

"మార్చడం కుదరదండీ" అన్నాను.

కాసేపు ఏమీ వినపడలేదు, వెనకాల ఎవరో బిందె దించిన చప్పుడు తప్ప.
"పోనీ, ఎక్కడన్నా రాసి పెట్టుకో బాబూ."

పక్క సీటు కుర్రాడి పెన్ను అడిగి తీసుకుని
క్యాంటీన్ టోకెన్ వెనక
'నీ' అని రాశాను.
నీళ్ళు.

మధ్యాహ్నం ఆ టోకెన్ ఇవ్వలేక
టీ మానేశాను.