అసలు ముట్టుకోం

ఫిబ్రవరి రెండో మంగళవారం.
కర్లింగ్ రింకు పైగదిలో ఏడు కుర్చీలు.
ఒకటి ఊగుతుంది, ఆలస్యంగా వచ్చినవాళ్ళకి అదే.
బయట మైనస్ ముప్పై నాలుగు.
ఇంజన్లు గడ్డకట్టకుండా కార్లకి వేడి తీగలు తగిలించి వచ్చాం,
గొడ్లని రాటకి కట్టేసినట్టు.

మాకెవరికీ జీతం లేదు.
కాఫీ కూడా సిగ్రున్ ఇంటినించి తెచ్చిందే.
మినిట్స్ రాసేది నేను,
మందుల షాపులో ముప్పై ఏళ్ళు
డాక్టర్ల కోడిగీతలు చదివినదాన్ని.

అడెలైడ్ పర్వెస్ అని ఒక టీచరుండేది.
పెళ్ళి చేసుకోలేదు, ఎవరితోనూ గట్టిగా మాట్లాడలేదు.
పోతూ పోతూ నూట అరవై ఎకరాల గోధుమ నేల
ఊరి పేర రాసి పోయింది.
ఒకటే షరతు. అసలు ముట్టుకోకూడదు.
అసలు ముట్టుకోం.
మేం పంచేది వడ్డీ.
అసలుకన్నా వడ్డీ ముద్దంటారే,
ఈ ఏడు మా ముద్దు పదకొండు వేల నాలుగు వందల డాలర్లు.
అడిగినవి ముప్పై ఒక్క వేలు.

లైబ్రరీ పైకప్పు కారుతోంది.
చర్చి వంటింటి పొయ్యి తొమ్మిదోసారి అడుగుతోంది.
హాకీ పిల్లల కాగితం తియ్యగానే
ఊగే కుర్చీలోంచి డెల్మర్ థీసెన్ లేచాడు.
"మా మనవడు ఆ జట్టుకి గోల్ కాస్తాడు."
కోటు తొడుక్కున్నాడు. వెళ్ళిపోయాడు.
రూలు అది, అయినవాళ్ళ విషయం వస్తే గది వదలాలి.
వదలకపోతే మాత్రం ఎవరడుగుతారు?
ఊళ్ళో సగం మంది ఆయనకి చుట్టాలు,
మిగతా సగం ఆయన దగ్గర ట్రాక్టర్లు కొన్నవాళ్ళు.
రాశాను: డి. థీసెన్, 7.42, బయటికి.

తర్వాతిది శ్మశానం వాళ్ళ కాగితం.
నేల కరిగించే యంత్రం కావాలట.
ఇక్కడ చలికాలం పార మోగుతుంది గానీ దిగదు.
నవంబరు దాటి పోయినవాళ్ళు
మే దాకా రేకుల షెడ్డులో ఆగాలి.

మరూస్యా పెన్ను మూత తీసింది, పెట్టింది, తీసింది.
"నేను కూడా బయటికి వెళ్ళాలా?"

నిరుడు జనవరిలో ఆమె భర్త.
నాలుగు నెలలు.
ఆదివారాలు షెడ్డు ఎదురుగా కారు నిలిపి
ఇంజను ఆపకుండా కూర్చునేదని అందరికీ తెలుసు.
ఒక్కరం ఎత్తలేదు.

ఛైర్మన్ లావల్లే నిబంధనల పుస్తకం తిరగేశాడు.
భర్త, భార్య, బిడ్డ, వాటాదారు, అప్పిచ్చినవాడు.
పేజీలు ముందుకి, వెనక్కి.
వేలు ఒకచోట ఆగింది. అక్కడేం లేదు.
"ఆ యంత్రం వల్ల నీకేమైనా లాభమా?"
"ఇప్పుడా?" అంది మరూస్యా.

ఆయన కళ్ళజోడు తీసేశాడు.
కింద మంచు మీద రాయి రాయిని కొట్టుకుంది.
ఎవరో చీపురు పట్టి ఊడుస్తూ, ఇంకా, ఇంకా అని అరుస్తున్నారు.
"కూర్చో" అన్నాడు.

ఆమె ఓటు వెయ్యలేదు. వెయ్యొచ్చన్నాం.
చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడ గడియారం చూసింది.
యంత్రానికి ఏడు వేలు. లైబ్రరీకి రెండు వేల రెండొందలు.
హాకీ పిల్లలు తొమ్మిది అడిగారు, వాళ్ళకీ అంతే,
కొత్త గోల్ వలలొస్తాయి, బోర్డులు రావు.
పొయ్యి వచ్చే ఏడు పదోసారి అడుగుతుంది.

8.16కి డెల్మర్ వచ్చాడు, మీసాల మీద మంచు.
ఇంతసేపూ వరండాలో లేడు.
మెట్ల మీద మంచంతా పారతో తీసి
ఏడు కార్ల దాకా దారి చేశాడు.
ఏమైందని అడగలేదు.
ఊగే కుర్చీ మళ్ళీ ఊగింది.

మరూస్యా ప్రశ్న మినిట్స్‌లో రాయాలా?
రాస్తే జవాబు కూడా రాయాలి.
ఒక గీత ఖాళీ వదిలాను.

కిందికి దిగి తీగలు విప్పుకున్నాం.
అందరికన్నా ముందు కదిలింది ఆమె కారే.
ఎటు తిరుగుతుందో చూడకూడదని
మేమంతా వంగి
ఎప్పుడో శుభ్రమైన అద్దాల్ని
గీకుతూ ఉండిపోయాం.