ఎదురుగాలికి ముందు రోజు రాత్రి

వకుళా, రేపటి సంగతి.
సైకిలు గోడకి ఆనించి ఉంటుంది కదా, ఇప్పుడే లేచి
టైరుని బొటనవేలితో నొక్కి చూడు.
రాయిలా ఉంటేనే మంచిదనుకుంటారు కొత్తవాళ్ళు.
కాదు. పండబోయే ముందు మామిడికాయ,
అంత చాలు. రాత్రి వాన పడితే
ఇంకాస్త గాలి తీసెయ్.
తడి తారు మీద చక్రానికి పట్టు కావాలి,
పొగరు కాదు.

సీటెక్కి మడమ పెడల్ మీద పెట్టు.
కాలు నిటారుగా సాగితే ఎత్తు సరిపోయినట్టు.
నేను రెండేళ్ళు అంగుళం తక్కువలో తొక్కాను,
మోకాళ్ళ నొప్పిని వయసు ఖాతాలో రాసుకుంటూ.
విల్లివాక్కంలో మెకానిక్ మునిరత్నం
స్పానరొకటి తిప్పి
నా వయసు పదేళ్ళు తగ్గించాడు.
ముప్ఫై రూపాయలు తీసుకున్నాడు.

తిరువాన్మియూరు డిపో దగ్గర, ఐదింటికి.
మార్గళి కదా, సందుల్లో ఇళ్ళ ముందు
అప్పుడే వేసిన తడి ముగ్గులుంటాయి.
చక్రం పడనివ్వకు.
మర్యాద కోసమే కాదు, సాధన కోసం కూడా.
ముగ్గుని కాదు, ముగ్గు పక్కన ఖాళీని చూడు.
చూపు ఎక్కడుంటే చక్రం అక్కడికే పోతుంది.
అక్కరై మలుపులో నేను పడ్డది అలాగే,
ఇసుక, ఇసుక, ఇసుక అనుకుంటూ
నేరుగా ఇసుకలోకి.
బ్రేకు మలుపుకి ముందు, మలుపులో కాదు.
ఈ పాఠం ఇంకా నా మోచేతి మీద రాసే ఉంది.

హ్యాండిల్‌ని సిటీ బస్సులో రాడ్డులా పట్టుకోకు.
నిద్రపోయే పిల్లాడి మణికట్టు పట్టుకుంటాం చూడు,
అలా.

నీళ్ళు దాహం వెయ్యకముందే తాగు.
లోన్ల సెక్షన్లో పనిచేసేదానివి, నీకు చెప్పాలా?
దాహం నోటీసు లాంటిది,
అందాక కడితే వడ్డీతోనే కట్టాలి.
జేబులో ఒక అరటిపండు, రెండు వేరుశెనగ ఉండలు.
ఆకలి లేదంటావు. లేనప్పుడే తిను.

ముట్టుకాడు దాకా చాలా బాగా తొక్కుతావు.
మీటరు ముప్ఫై రెండు చూపిస్తుంది,
ఇన్నాళ్ళూ నాలో ఇంత ఉందా అనిపిస్తుంది.
నమ్మకు. అందులో సగం ఈశాన్యపు గాలిది.
వంతెన దగ్గర వెనక్కి తిరగ్గానే
ఇచ్చిందంతా ఒక్కసారే అడుగుతుంది.

అప్పుడు చిన్న గేరు.
పెడల్ తిరగలి కాదు, కవ్వం.
బరువుగా నూరకు, తేలిగ్గా తిప్పు.
పొన్నురంగం గారి వెనక చేరు,
అరవై ఎనిమిదేళ్ళు, పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీ రిటైర్డు,
పాత స్టీలు సైకిలు, గోడలాంటి వీపు.
ఆయన చక్రాన్ని చూడకు, భుజాలు చూడు.
ఆయన చెయ్యి కిందికి చూపిస్తే గుంత ఉన్నట్టు,
నువ్వూ చూపించు, నీ వెనకాలా ఒకళ్ళుంటారు.
ఊపిరి అందాక ముందుకెళ్ళు.
ఒక్క నిమిషమైనా గాలి నువ్వు మొయ్యాలి.

నా మొదటి డిసెంబరులో
ఉత్తండి టోల్‌గేటు దగ్గర ఆయన పక్కకొచ్చి
"ఒక వాక్యం మధ్యలో ఆగకుండా చెప్పు" అన్నారు.
చెప్పగలిగితే వేగం సరైనదట.
ఏం చెప్పాలో తోచలేదు.
"నా ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో ఎవరికీ చెప్పలేదు గానీ
నాకు పడిపోవడమంటే చచ్చేంత భయమండీ" అన్నాను.
ఊపిరి తెగలేదు.
ఆయన కాసేపు రోడ్డు చూశారు.
"బాగుంది. అయితే గేరు ఒకటి పెంచు" అన్నారు.

ఇంటికెళ్ళాక ముందు గొలుసు తుడువు,
ఆ తర్వాతే నీ మొహం.
సముద్రపు ఉప్పు రాత్రికి రాత్రే తుప్పవుతుంది.

ఇంకేం లేదు, పడుకో.
ఐదూ పదికి బయల్దేరతాం.
ఆలస్యమైతే ఆగమని అందరికీ చెబుతాం.
కానీ కొత్తవాళ్ళొచ్చే రోజున
పొన్నురంగం గారి షూ లేసు
ఎందుకో రెండుసార్లు ఊడుతుంది.